సిలిండర్ కింద మరక

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. గ్యాస్ సిలిండర్ అడుగున పడే ఆ గుండ్రటి తుప్పు మరక మా వంటింట్లోనూ ఏళ్ల తరబడి ఉంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరు అడ్వాన్సులో కోస్తాడని టెన్షన్ పడకు. ముందు ఆ బ్లీచింగ్ పౌడరు పక్కన పెట్టు. బ్లీచింగుకి తుప్పు కరగదు, పైగా మరక ఇంకా పట్టేస్తుంది. తుప్పును కదిలించేది పులుపే.

మీ వంటింట్లో ఉన్నది టైల్స్ కాబట్టి పని తేలిక. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలుపు. పాత గుడ్డ అందులో తడిపి మరక మీద అరగంట పరిచి ఉంచు. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగెయ్. ఒక్కసారికి పోకపోతే మళ్లీ చెయ్. ఇనుప పీచు మాత్రం వాడకు, దాని తునకలు అక్కడే ఉండి మళ్లీ తుప్పు పడతాయి.

వరండాలో ఉన్నవి తాండూరు బండలు కదా, వాటి జోలికి మాత్రం పులుపు తీసుకెళ్లకు. అది సున్నపు జాతి రాయి, పులుపు తగిలితే పైపొర తినేస్తుంది. పాలరాయీ అంతే. కొత్త కోడలిగా ఉన్నప్పుడు నేను మీ పెదనాన్న వాళ్లింట్లో నిమ్మచెక్క పెట్టి తెగ రుద్దాను. తుప్పు పోయింది, దాని స్థానంలో తెల్లమచ్చ వచ్చింది. ఇప్పటికీ దాని మీద పీట వేసి ఉంచుతాం! అక్కడ సబ్బునీళ్లు, బ్రష్షు చాలు, పోయినంత పోతుంది.

బాత్రూం యాసిడ్ అసలు వద్దు. బ్లీచింగుతో కలిసిందంటే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరాడదు.

అల్లుడి తెల్లచొక్కా నూలుదైతే తుప్పు మరక మీద నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టు, ఆరిపోకముందే జాడించు. రంగు బట్టలకీ, పట్టుకీ ఇది పనికిరాదు.

ఇక కుళాయి కింద ఎర్రచార అంటావా, అది బోరు నీళ్ల పని. నీళ్లు పట్టినప్పుడు తేటగా ఉండి, బకెట్లో కాసేపటికి ఎర్రబడితే అందులో ఇనుము ఉన్నట్టే. లీటరుకి 0.3 మిల్లీగ్రాములు దాటితే చాలు, బట్టలకీ పట్టేస్తుంది. ఆ చార నిమ్మ ఉప్పుతో పోతుంది గానీ, ముందు ఆ కారే కుళాయికి వాషరు మార్పించు.

సిలిండర్ కింద ప్లాస్టిక్ స్టాండు పెట్టు. వానాకాలం కొత్తది తెచ్చినప్పుడు అడుగు తుడిచాకే లోపల పెట్టించు.

మీ పెద్దమ్మ