క్రిస్మస్ సెలవుల్లో డిస్నీ: ఎప్పుడు, ఎలా?

ప్రశ్న: అట్లాంటాలో ఉంటాం. డిసెంబరులో గుంటూరు నుంచి వస్తున్న అత్తమామలతో, రెండేళ్ల పాపతో ఓర్లాండోలోని డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్ చూడాలి. ఎప్పుడు వెళ్లాలి?

జవాబు: డిసెంబరు మొదటి రెండు వారాలు మేలు. 25 నుంచి 31 దాకా ఇసకేస్తే రాలనంత జనం. మొదటి వారాల్లో కొన్ని రాత్రులు విడి టికెట్‌తో క్రిస్మస్ పార్టీ ఉంటుంది. ఆ రోజుల్లో మామూలు టికెట్ వాళ్లను సాయంత్రమే పంపేస్తారు, కానీ పగలు రద్దీ తక్కువ. రాత్రి బాణాసంచా ముఖ్యమనుకుంటే పార్టీ లేని రోజు చూసుకోండి.

చాలామంది దెబ్బతినేది పార్కింగ్ దగ్గర. కారు ఆపేచోటు గేటుకు దూరం. అక్కడి నుంచి మోనోరైలో, ఫెర్రీయో ఎక్కాలి. కాబట్టి తెరిచే వేళకు గంట ముందే చేరుకోండి. లైట్నింగ్ లేన్‌ను (డబ్బు కట్టి రైడ్ల దగ్గర పొడవాటి క్యూ తప్పించుకునే దారి) బయట హోటల్లో దిగినవాళ్లు 3 రోజుల ముందు, డిస్నీ హోటల్ వాళ్లు 7 రోజుల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు.

మూడేళ్లు నిండని పాపకు టికెట్ అక్కర్లేదు. పులిహోర, చపాతీలు తీసుకెళ్లనిస్తారు. గాజు సీసాలో ఆవకాయ మాత్రం గేటు దాటదు, ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. పెద్దవాళ్లకు స్వెటర్లు మరవకండి, ఫ్లోరిడాలోనూ ఉదయం చలే.