మేళాలో కలంకారీ తరగతికి ప్రతిపాదన ఎలా రాయాలి?

మీరు చేతివృత్తుల మేళాలో రెండు గంటల కలంకారీ తరగతి చెప్పాలనుకుంటున్నారని, నిర్వాహకులు ఒక పేజీ ప్రతిపాదన కోరారని, అందులో కళ చరిత్ర ఎంత రాయాలో తేలడం లేదని అడిగారు. నేను శ్రీకాళహస్తి పద్ధతిలో కలంతో గీయడం నేర్చుకుని, కొన్నేళ్లుగా మేళాల్లోనూ కళాశాలల్లోనూ తరగతులు చెబుతున్నాను; ఇతరుల ప్రతిపాదనలు చదివి ఎంపిక చేసే బృందంలో కూడా కూర్చున్నాను. చరిత్రకు రెండు వాక్యాలు చాలు. మిగిలిన పేజీని, వచ్చినవారు ఆ రెండు గంటల్లో తమ చేతులతో ఏం చేస్తారో చెప్పడానికి వాడండి.

ఎంపిక చేసేవారి ముందు ఒకే రోజు ఎన్నో దరఖాస్తులు ఉంటాయి. వాటిలో ‘కలంకారీ పరిచయం’ అని ఉంటే వారికి ఏమీ కనిపించదు. ‘కరక్కాయ పట్టించిన గుడ్డపై వెదురు కలంతో, కసిమి అనే ఇనుప ద్రావణపు నలుపుతో ఒక నెమలి బొమ్మ గీసి ఇంటికి తీసుకెళ్తారు’ అని ఉంటే తరగతి మొత్తం కళ్లకు కడుతుంది. మీది పెడన, మచిలీపట్నం వైపు చెక్క అచ్చుల పద్ధతి అయితే ఆ మాట మొదటి వాక్యంలోనే చెప్పాలి. దానికి కావలసిన బల్లలు, సామగ్రి వేరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఏం వదిలేస్తున్నారో రాయడం. గుడ్డను ఉతికి గంజి పోగొట్టడం, కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరబెట్టడం, చింతబొగ్గుతో ఆనవాలు గీయడం, కసిమితో రేఖలు దిద్దడం, ఎరుపు రావలసిన చోట పటిక నీరు పూయడం, ఆపై రంగులో ఉడికించి పారే నీటిలో జాడించడం, ఇవన్నీ కలిపి రెండు గంటల్లో పూర్తయ్యే పనులు కావు. ఇనుప ముక్కలు, బెల్లం, నీరు కలిపి పెట్టే కసిమి ఒక్కటే పులిసి సిద్ధం కావడానికి వారాలు తీసుకుంటుంది. అందువల్ల గుడ్డ, కసిమి ముందే తయారు చేసి తెస్తానని, ఎరుపు, పసుపు, నీలం దశలను మాత్రం ఒక్కో దశలో ఆపిన నమూనా గుడ్డలతో చూపిస్తానని స్పష్టంగా రాయండి. ‘మొత్తం ప్రక్రియ నేర్పుతాను’ అనే ప్రతిపాదన చూస్తే, ఆ వ్యక్తి ఎప్పుడైనా తరగతి చెప్పారా అన్న సందేహం నాకు కలుగుతుంది.

మీ తరగతిలో జనం ఆగి చూసే క్షణం ఒకటి ఉంటుంది, దాన్ని తప్పక రాయండి. కలం నుంచి దిగేటప్పుడు లేత రంగులో ఉండే కసిమి, కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది; కరక్కాయలోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఇనుముతో కలవడమే అందుకు కారణం. ఈ రెండు వాక్యాలు మేళా కరపత్రంలోకి కూడా పనికొస్తాయి.

సంఖ్యను 15 మందికి పరిమితం చేయమని నా సలహా, కారణం కూడా చెప్పండి: కలానికి చుట్టిన దూదిని లేదా ఉన్నిని ఎంత నొక్కితే ఎంత ద్రవం దిగుతుందో ప్రతి ఒక్కరికీ పక్కన కూర్చుని చూపించాలి. మొదటి 20 నిమిషాలు నమూనాలకు, తర్వాతి అరగంట పాత గుడ్డపై గీతల సాధనకు, సుమారు గంట సేపు బొమ్మకు, మిగిలింది ఆరబెట్టడానికి, ప్రశ్నలకు అని సమయాన్ని విభజించి చూపితే నిర్వాహకులకు ధీమా కలుగుతుంది. గాలి ఆడే చోటు, నీటి వసతి, కింద పరవడానికి పట్టా కావాలని, బట్టలపై పడితే మరక పోదని ముందే తెలియజేయండి.

మీ గురించి మూడు వాక్యాలు దాటవద్దు. మీ గొప్ప చిత్రాల ఫొటోలకు బదులు, మీ దగ్గర తొలిసారి కలం పట్టినవారు గీసినవి జత చేయండి. అప్పటివరకు ఎవరికీ నేర్పకపోతే ఇరుగుపొరుగువారిలో నలుగురిని కూర్చోబెట్టి ఒకసారి చెప్పి చూసి, ఆ బొమ్మలనే పంపండి. సామగ్రి ఖర్చును మీ పారితోషికంతో కలపకుండా తలకు ఎంత అవుతుందో విడిగా రాయండి, ఎందుకంటే చాలా చోట్ల ఆ రెండింటినీ మంజూరు చేసేవారు వేర్వేరుగా ఉంటారు.