ముందు మన ఇంటి ముందరి బండ

"కర్నూలు, కడప, అనంతపురం వంటి నగరాల్లో కాలనీని బాగుచేసుకోవడానికి మామూలు నివాసులకు ఏయే అవకాశాలు ఉన్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని మీరు అడిగారు. నేను అనంతపురంలో ముప్పై ఏళ్లకు పైగా కాపురం ఉంటున్నాను. లెక్కల మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. అవకాశాల సంగతి తర్వాత చెబుతాను కాని, మొదలుపెట్టవలసిన చోటు గురించి మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. అది వార్డు సచివాలయమూ కాదు, కార్పొరేటరు గారి ఇల్లూ కాదు. మీ గేటుకూ రోడ్డుకూ నడుమ, మురుగు కాలువ మీద మీరు పరిపించుకున్న బండ అది. ఈ జ్ఞానం నాకు పుస్తకాల వల్ల కలగలేదు, అందరి ఎదుట తల దించుకోవలసి వచ్చినప్పుడు కలిగింది.

మా జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇంత తక్కువ వాన కురిసే ఊళ్లో పుట్టి పెరిగినవారికి, అడుగున చారెడు సబ్బునీళ్లు తప్ప మరేమీ పారని కాలువను చూస్తే అది కాలువలా కనబడదు, ఎవరూ వాడుకోకుండా వదిలేసిన జాగాలా కనబడుతుంది. అందుకని ఇల్లు కట్టుకున్న ప్రతివారూ మొదట స్కూటరు ఎక్కించడానికి ఒక బండ వేస్తారు. కారు కొన్నాక ఇంకో నాలుగు వేస్తారు. కొన్నాళ్లకు వాటి మీద సిమెంటు, సిమెంటు మీద టైల్సు, పక్కనే రెండు పూలకుండీలు, ఆ కుండీలను ఎవరూ తన్నకుండా ఒక ఇనుప గొలుసు వచ్చి చేరతాయి. తాడిపత్రి మాకు దగ్గర కనుక బండలకు కొదువ లేదు. ఇవన్నీ పూర్తయ్యేసరికి ఇంటి యజమాని మనసులో ఆ జాగా రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉన్నట్టే స్థిరపడిపోతుంది.

2022 అక్టోబరులో పై చెరువులు మరవ పారి, ఊరి నడుమ పారే నడిమివంక పొంగి, నగరంలో కాలనీలకు కాలనీలే నీట మునిగిన సంగతి మా ప్రాంతం వారెవరూ మరచిపోలేదు. మా వీధి వంకకు దూరంగా, కాస్త ఎత్తున ఉంటుంది. అందువల్ల వంక నీళ్లు మా దాకా రాలేదు. అయినా వీధి దిగువన ఉన్న ఐదారు ఇళ్లలోకి మోకాటి లోతు నీళ్లు వచ్చాయి. ఎక్కడివా నీళ్లు అని చూస్తే అవి మా వీధిలో కురిసిన వాన నీళ్లే. చివరి ఇంట్లో బట్టలు కుట్టి బతుకుతున్న ఒకావిడ, తన ఊరి నుంచి తెచ్చి నడవలో పెట్టుకున్న బుడ్డల, అంటే వేరుశనగ కాయల, మూటలు నాలుగు తడిసి ముద్దయ్యాయి. తెల్లవారాక నేను వెళ్లేటప్పటికి ఆవిడ వాటిని మేడ మీదికి మోసుకుపోతూ, "ఎండన్నా కాస్తే బాగుండు సార్, లేకుంటే ఇవన్నీ మొలకలొచ్చేస్తాయి" అన్నారు. ఆవిడ గొంతులో ఎవరి మీదా కోపం లేదు. ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూ ఉంటుంది.

తడిసినవారికి లేని కోపం తడవని మాకు వచ్చింది. మా వీధికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. రోజూ పొద్దున్నే దేవుళ్ల బొమ్మలు పంపుకోవడం తప్ప అంతవరకు అందులో ఏ పనీ జరిగినట్టు నాకు గుర్తులేదు. ఆ రోజు మాత్రం అందరూ మున్సిపాలిటీని దుమ్మెత్తిపోశారు. పన్నులు ముక్కుపిండి వసూలు చేసి కాలువలు తీయరేమని అర్జీ రాసింది నేనే, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించిందీ నేనే. మా నలుగురి పెద్దరికం చూసో, వాన భయం వల్లో తెలియదు కాని, సచివాలయంలో అర్జీ ఇచ్చిన మూడో రోజు ఉదయం ఆరు గంటలకే పారిశుద్ధ్య మేస్త్రీ ఒకాయన నలుగురు కార్మికులతో, పారలు, గంపలతో మా వీధికి వచ్చాడు. మేమందరం చేతులు కట్టుకుని అధికార్లలాగా నిలబడ్డాం. ఆయన వీధిని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకసారి చూసి, ఎంతో వినయంగా, "సార్, కాలువ యాడుందో చూపిచ్చండి, ఇప్పుడే తీస్తాం" అన్నాడు.

మాలో ఎవరికీ నోట మాట రాలేదు. కాలువ ఉంది, కాని దాని మీద మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా మా టైల్సు, మా కుండీలు, మా గొలుసులు ఉన్నాయి. గడ్డపార దూరే సందు దాదాపు ఎక్కడా లేదు. అక్కడక్కడా రెండు ర్యాంపుల నడుమ మిగిలిన అడుగు, అడుగున్నర ఖాళీల్లోంచి అందినంత పూడిక తీసి, చేతులు కడుక్కుని వాళ్లు వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం నేను టేపు పట్టుకుని వీధంతా కొలిచాను. మా వైపు 23 ఇళ్లు ఉంటే 19 ఇళ్ల ముందు కాలువ పూర్తిగా మూసి ఉంది. ఏ ఇంటి ముందు ఎన్ని అడుగులు మూశారో పట్టిక గీసి, గ్రూపులో పెడదామని మా ఆవిడకు చూపించాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఓపికగా చదివి, "అందరిదీ రాసినావు, మనింటిది యాడ రాసినావు?" అని అడిగింది. నేను కావాలని దాచలేదు, నిజంగానే నా కంటికి అది కనబడలేదు. పద్నాలుగు అడుగుల పొడవున, ఎర్ర టైల్సు పరిచిన ర్యాంపు మాది. వీధిలో అన్నిటికంటే పెద్దది కూడా అదే.

మరుసటి ఆదివారం కూలీలను పిలిపించి దాన్ని పగలగొట్టించాను. ఆ చప్పుడుకు వీధంతా బయటికి వచ్చింది. చుట్టుపక్కల వారు నన్ను చూసిన చూపులో జాలి ఎక్కువో వేడుక ఎక్కువో చెప్పలేను. బండలు లేపితే అడుగున రెండడుగుల మందాన నల్లటి పూడిక, కొబ్బరి చిప్పలు, ఒక చిన్నపిల్లవాడి చెప్పు, ఖాళీ సిమెంటు సంచి, వాటితో పాటు పగిలిన గచ్చు ముక్కలు బయటపడ్డాయి. ఆ ముక్కలను చేతిలోకి తీసుకుని చూస్తే అవి మా నడింట్లో వేయించిన గచ్చువే. అంటే మా ఇల్లు కట్టిన మేస్త్రీ పని ముగించుకుంటూ మిగిలిన చెత్తను కాలువలోకి తోసి మూత పెట్టాడన్నమాట. ఇన్నేళ్లుగా నేను తిట్టుకుంటున్న పూడికలో నా వాటా ఎంతో నా కళ్లెదుటే తేలింది.

ఆ తర్వాత అందరూ తండోపతండాలుగా వచ్చి తమ బండలు తీసేశారని రాస్తే అది అబద్ధం అవుతుంది. "ఏమప్పా మాస్టారూ, నువ్వు రిటైరైనావు, నీకు పొద్దు పోదు, మేమెట్ల కారు లోపలికి పెట్టుకోవల్ల?" అని ఒకాయన ముఖం మీదే అన్నాడు. చేతికర్ర పట్టుకుని నడిచే తల్లి ఉన్న ఇంకొకాయన చెప్పిన ఇబ్బందిలో న్యాయం ఉంది. కొన్ని వాదాల తర్వాత మేము పట్టుకున్న మధ్యేమార్గం ఇది: బండలు వేసుకోవచ్చు కాని వాటి మీద సిమెంటు పూయకూడదు, ఇద్దరు మనుషులు గడ్డపారతో లేపగలిగేటట్టు ఉండాలి, ప్రతి ఇంటి ముందూ రెండడుగుల మేర ఇనుప జాలీ ఉండాలి. ముందు ఏడుగురు ఒప్పుకున్నారు, ఏడాది తిరిగేసరికి పదిహేనుమంది అయ్యారు. పగలగొట్టిన రాళ్లూ రప్పలూ చెత్తబండి వారు తీసుకుపోరు, తీసుకుపోవలసిన పని కూడా వారిది కాదు. కనుక తలా కొంత వేసుకుని ట్రాక్టరు మాట్లాడుకున్నాం. అప్పుడు మళ్లీ అర్జీ పెడితే మళ్లీ కార్మికులు వచ్చారు, ఈసారి వారికి కాలువ కనబడింది.

ఇక్కడ ఒక్క మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తీసిన పూడికను తడి ఆరడానికి కాలువ గట్టునే కుప్పలుగా పోస్తారు. నీళ్లు కారుతున్న బురదను బండిలో వేసుకోలేరు కనుక ఒకటి రెండు రోజులు అలా పోయడంలో తప్పులేదు. అయితే మూడో రోజు దాన్ని ఎత్తుకుపోవడానికి ఎవరూ రాకపోతే, నాలుగో రోజు స్కూటర్లు తొక్కీ, కుక్కలు కెలికీ, చిన్న జల్లు పడీ అదంతా మళ్లీ కాలువలోకే చేరుతుంది. పూడిక తీయమని నలభై సంతకాలు పెట్టేవారిలో, తీసిన కుప్ప ఎత్తారా లేదా అని వెనకబడి అడిగేవారు ఒక్కరూ ఉండరు. నన్నడిగితే నివాసుల భాగస్వామ్యం అనే పెద్ద మాటలో సగం అర్థం ఈ మూడో రోజు ఫోనులోనే ఉంది.

మీరు అడిగిన అవకాశాలకు వస్తాను. కాగితం మీద చూస్తే అవి తక్కువేమీ కాదు. 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలి. మీ వార్డుకు అటువంటి కమిటీ ఉందా, ఉంటే చివరిసారి ఎప్పుడు కూర్చుంది అని మీ కార్పొరేటరును మర్యాదగానే అడిగి చూడండి. 2019 అక్టోబరు 2న మొదలైన సచివాలయ వ్యవస్థలో సుమారు నాలుగు వేల జనాభాకు ఒక వార్డు సచివాలయం ఏర్పడింది. పేర్లు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి కాని, కాలువలూ కుళాయిలూ చూసే ఉద్యోగి వేరు, చెత్త చూసే ఉద్యోగి వేరు, ఆక్రమణలూ ప్లాన్లూ చూసే ఉద్యోగి వేరు అనే సంగతి తెలుసుకుంటే మీ అర్జీ ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరగకుండా ఉంటుంది. ప్రతి సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు. ఒకప్పుడు దాన్ని స్పందన అనేవారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. ఏ పేరుతో పిలిచినా రసీదు నంబరు రాసుకోకుండా ఇంటికి రాకండి.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ పనికివచ్చింది 2005 నాటి సమాచార హక్కు చట్టం. పది రూపాయల రుసుముతో మా లేఅవుట్ నకలు అడిగాను. చట్టం ముప్పై రోజుల్లో జవాబు ఇమ్మంటుంది, నాకు జవాబు వచ్చింది. ప్లానులో మా వీధి వెడల్పు ముప్పై అడుగులు. టేపుతో కొలిస్తే కాలువల మీది కట్టడాలు పోను ఇరవై నాలుగు మిగిలింది. ఆ నకలును నలుగురిలో పరిచాక వాదనలు సగం తగ్గాయి, ఎందుకంటే అంతవరకు నాకూ వారికీ మధ్య తగవులా ఉన్నది అప్పటి నుంచి ప్లానుకూ టేపుకూ మధ్య లెక్కగా మారింది. సంఘం పెట్టుకోవాలనుకుంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు చాలు. పెట్టుకోండి కాని, అధ్యక్షుడు ఎవరన్న తగాదాతో మొదటి ఏడాది మొత్తం గడిచిపోయిన సంఘాలను నేను చూశాను. మా వంటి పదవీ విరమణ చేసినవారికి కుర్చీ మీద మమకారం అంత త్వరగా వదలదు.

నెలలో మూడో శనివారం జరిగే స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ఉండనే ఉంది. 2025 జనవరిలో మా పొరుగున కడప జిల్లా మైదుకూరులోనే దానికి ముఖ్యమంత్రి శ్రీకారం చుట్టారు. కార్యక్రమం మంచిదే, నేనూ వెళ్తాను. అయితే ఊడ్చిన రోడ్డునే మళ్లీ ఊడుస్తూ, ఇరవైమంది ఒకే చీపురు పట్టుకుని ఫొటో దిగడం నాకు మింగుడుపడదు. ఆ ఇరవైమందీ ఆ గంటసేపూ తలా ఒక జాలీ లేపి కింద చెయ్యి పెట్టి ఉంటే వీధికి ఒక వానాకాలం గడిచిపోయేది. 1997లో జన్మభూమి మొదలైనప్పుడు బడి పిల్లలను వెంటబెట్టుకుని శ్రమదానం చేయించిన మాస్టార్లలో నేనూ ఒకడిని. అప్పుడు మేము ఎత్తిన చెత్త గంపలు ఎక్కడ గుమ్మరించామో ఇప్పుడు తలచుకుంటే నవ్వూ సిగ్గూ రెండూ వస్తాయి. ఊరి చివర వంకలోనే గుమ్మరించాం.

ఊరి పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం చెరువు గురించి మా పెద్దలు ఒక కథ చెబుతారు. చెరువు కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడటానికి ముసలమ్మ అనే కోడలు ప్రాణమే బలి ఇచ్చిందని, అందుకే ఆ కట్టను ముసలమ్మ కట్ట అంటారని. ఒక ర్యాంపు వివాదంలో నేను ఈ కథ ఎత్తి, "ఆమె ప్రాణం ఇచ్చింది, నిన్ను అడుగుతున్నది నాలుగు బండలు" అన్నాను. ఎదుటాయన, "ఆ యమ్మకు కారు లేదు లే సార్" అన్నాడు. లెక్కల మాస్టార్లు కథలు చెప్పకూడదని ఆ రోజు గ్రహించాను.

ఇప్పుడు మా వీధి పనులు నడిపిస్తున్నది నేను కాదు, బుడ్డలు తడిసిన ఆ కుట్టుపని చేసే ఆవిడే. పొదుపు సంఘంలో పదేళ్లుగా ఉన్నారు కనుక పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడటం ఆవిడకు అలవాటు. రోజంతా ఇంట్లోనే మిషను ముందు కూర్చుంటారు కనుక పారిశుద్ధ్య మేస్త్రీ ఏ పూట వచ్చిందీ, పూడిక కుప్ప ఎన్ని రోజులుగా ఉన్నదీ మాకంటే ముందు తెలుస్తుంది. ఆయనను "అన్నా" అని పిలిచి, ఎండలో వస్తే ఒక చెంబు మజ్జిగ ఇస్తారు. కుప్ప ఎత్తకపోతే మూడో రోజు ఫోను కూడా ఆవిడే చేస్తారు. మేము నలభైమంది సంతకాలు పెట్టి సాధించలేనిది ఆవిడ ఒక్క ఫోనుతో సాధించడం నా కళ్లారా చూశాను. మీ వీధిలో అటువంటి మనిషి ఎవరో వెతికి, వారి మాట వినడానికి సిద్ధపడితే మిగిలిన అవకాశాలన్నీ వాటంతట అవే పనికివస్తాయి.

గత వానాకాలంలో ఆవిడ ఇంట్లోకి నీళ్లు రాలేదు. వీధి మధ్యలో ఒక్క ఇంటి ముందు మాత్రం ఇప్పటికీ వాన పడినప్పుడల్లా గంటసేపు నీళ్లు నిలుస్తాయి. ఆ ఇంటివారు టైల్సు కొత్తగా మార్చారు తప్ప బండ కదపలేదు. వారు మాకు తోడల్లుడు అవుతారు కనుక ఈ విషయం ఇంతకు మించి రాయలేను.