కార్తీక్ అనుమానించింది దీపని, మరి నమ్మింది ఎవరిని?

ఈ వారం అచ్చు వేస్తున్న మూడు ఉత్తరాల్లోనూ ‘కార్తీక దీపం’ ప్రస్తావన ఉంది. ఆ సీరియల్ 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై, పదిహేను వందల ఎపిసోడ్లు దాటి, 2023 జనవరిలో అయిపోయింది. అయినా ఆ జంట గురించి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. చూడనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్తాను. డాక్టర్ కార్తీక్ దీపని ఇష్టపడి పెళ్లి చేసుకుంటాడు. అతనికి పిల్లలు పుట్టరని మోనిత నమ్మిస్తుంది. ఆమె అతని స్నేహితురాలు, తనూ డాక్టరే. దీప గర్భవతి కాగానే కార్తీక్ ఆమెకూ తన స్నేహితుడు విహారికీ సంబంధం అంటగడతాడు. కాపురం విరిగిపోతుంది. దీప వంటలు చేసుకుంటూ బతుకుతుంది. పుట్టిన కవల ఆడపిల్లల్లో ఒకరు తండ్రి ఇంట్లో, ఒకరు తల్లి దగ్గర పెరుగుతారు.

నేను ఇరవై రెండేళ్లు భార్యాభర్తల కౌన్సెలింగ్‌లో పనిచేశాను. పగలంతా జంటల గొడవలు విని, రాత్రి ఏడున్నరకి మా అత్తగారి పక్కన కూర్చుని ఈ సీరియల్ చూసేదాన్ని. ‘అడగరా, వేరే డాక్టర్ని అడుగు’ అని ఆవిడ టీవీకేసి చెయ్యి ఊపుతూ అరిచేవారు. ఈ ఉత్తరాలు చదువుతుంటే ఆ అరుపే గుర్తొస్తోంది.

ప్రశ్న: మేడమ్, నా వయసు 26. పెళ్లయి రెండేళ్లు. మావారు, నేను ఫోన్లో ‘కార్తీక దీపం’ మొదటి నుంచీ చూస్తున్నాం. కార్తీక్ దీపని నిలదీసే సీన్లో నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం ‘నిప్పు లేనిదే పొగ రాదు, వాడి స్థానంలో ఎవడున్నా అంతే’ అన్నారు. మూడు నెలలుగా నేను స్నానానికి వెళ్తే చాలు, నా ఫోన్ తీసి చూస్తున్నారు. రాత్రి పదకొండుకి వాట్సాప్‌లో ఎవరితో ఉన్నావని టైముతో సహా అడుగుతున్నారు. అంతకుముందు ఇలా లేరు. నా ఫోన్ పాస్‌వర్డ్ ఇచ్చేస్తే ఈ టెన్షన్ వదులుతుందా?
— పేరు, ఊరు వద్దు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘అంతకుముందు ఇలా లేరు’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మూడు నెలల కిందట ఆయన చెవిలో ఏదో మాట పడింది. ఎవరన్నారో, ఏమన్నారో తెలియకుండా పాస్‌వర్డ్ ఇచ్చి లాభం లేదు.

కార్తీక్‌ని అందరూ అనుమానపు మనిషి అంటారు. నేను ఒప్పుకోను. అతను గట్టిగా నమ్మే మనిషి. మోనిత మాట నమ్మాడు. ఒకే కప్పు కింద కాపురం చేసిన భార్య ఎంత మొత్తుకున్నా చెవిన పెట్టనివాడు, మోనిత చెప్పింది నిజమో కాదో ఏళ్ల తరబడి చూసుకోలేదు. డాక్టరై ఉండీ చూసుకోలేదు. నా దగ్గరికి వచ్చిన జంటల్లోనూ ఇదే కనిపించేది. అనుమానించే మనిషికి నమ్మకమే లేదనుకుంటాం. ఉంటుంది, కాకపోతే వేరేచోట ఉంటుంది. ఒకరికి బావమరిది మాట మీద, ఒకరికి పక్కింటావిడ మాట మీద, ఈమధ్య చాలామందికి ఫోన్లో కనబడే టైము మీద.

ఒక జంట ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నారు. అతను సంచిలోంచి కాగితాలు తీసి నా బల్ల మీద పరిచాడు. భార్య ఫోన్ బిల్లు, మూడు నెలలది. ఒకే నంబరు మీద పసుపు రంగు స్కెచ్ పెన్నుతో గీతలు. పక్కన చిన్న అక్షరాలతో నిమిషాలు రాసి, కింద కూడాడు కూడా. ఆ లెక్క చూస్తే ఎన్ని రాత్రులు కూర్చున్నాడో అర్థమైంది. ఆ అమ్మాయి తల వంచుకుని బొట్టుబిళ్ల అట్ట ఒకటి వేళ్ల మధ్య మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. ‘ఆ నంబరు ఎవరిదమ్మా?’ అన్నాను. ‘మా నాన్నదండీ, కొత్త సిమ్’ అంది. పెళ్లిలో పెట్టుపోతల దగ్గర మాటామాటా పెరిగి, మామగారితో మాట్లాడొద్దని అతనే ఒట్టు వేయించుకున్నాడు. అందుకే ఆమె అతను ఇంట్లో లేనప్పుడు చేసుకునేది. రహస్యం ఉన్నమాట నిజమే. ఆ రహస్యాన్ని పుట్టించింది అతని ఒట్టే. అసలు నంబరు మీద అనుమానం ఎలా వచ్చిందని అడిగితే, వాళ్ల చిన్నాన్న కొడుకు ‘వదిన ఎప్పుడూ ఫోన్లోనే ఉంటుంది, ఓ కన్నేసి ఉంచన్నా’ అన్నాడట. ఆ ఒక్క ముక్కకి మూడు నెలల నిద్ర పోయింది. ఆ నంబరుకి తనే ఒక్కసారి చేస్తే మామగారి గొంతు వినిపించేది.

అందుకని మీవారిని ‘నన్నెందుకు అనుమానిస్తున్నావు’ అని అడగకండి. ఆ ప్రశ్నకి ‘నేనేం అనుమానించట్లేదే’ అనే జవాబే వస్తుంది. ‘నా గురించి నీతో ఎవరేమన్నారు?’ అని అడగండి. ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, ఫోన్లు పక్క గదిలో పెట్టి అడగండి. చెప్పడానికి ఆయనకి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. చెప్పినప్పుడు ఆ మూడో మనిషి మీద మండిపడకండి. ఆయన మళ్లీ నోరు మూసుకుంటారు.

ఇక పాస్‌వర్డ్ సంగతి. ఇద్దరూ ఇచ్చిపుచ్చుకుంటే అది కాపురం. ఒకరే ఇచ్చి ఒకరే చూస్తుంటే తనిఖీ. తనిఖీలో ఏమీ దొరక్కపోతే అనుమానం పోదు, చెరిపేశావంటారు. చెరిపేయలేదని రుజువు చేయడం ఎవరివల్లా కాదు.

ఒక్క హెచ్చరిక. విషయం ఫోన్ చూడటం దాటి, ఉద్యోగం మానమనడం, బయటికి వెళ్లనివ్వకపోవడం, బూతు మాట, చెయ్యెత్తడం దాకా వస్తే ఇక సర్దుకుపోవద్దు. 2005 గృహహింస చట్టంలో హింస అంటే దెబ్బలొక్కటే కాదు. అవమానించడం, మాటలతో హింసించడం కూడా అందులో ఉన్నాయి. మహిళల హెల్ప్‌లైన్ 181.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. మా అబ్బాయి కోడల్ని ఊరికే సాధిస్తున్నాడు. ఎవరో క్లాస్‌మేట్ ఫొటోకి లైక్ కొట్టిందని పది రోజులు మాట్లాడలేదు. సీరియల్లో కార్తీక్ తల్లి సౌందర్యలా నేను కోడలి వైపు మాట్లాడితే కొడుకు దూరమవుతాడని భయం. కల్పించుకోవచ్చా?
— ఒక అత్తగారు

జవాబు: కల్పించుకోండమ్మా. సౌందర్య మొదట్లో దీపని రంగు చూసి కాదన్న మనిషి. తర్వాత ఆమే దీపకి అండగా నిలబడింది. మా అత్తగారు ఆ పాత్రని చూసి కళ్లు తుడుచుకునేవారు. అయితే కోడల్ని వెనకేసుకు రావడానికి ఎన్నో మాటలక్కర్లేదు. కోడలు వింటుండగా కొడుకుతో ఒకే మాట అనండి: ‘దాని మీద నాకు నమ్మకం ఉందిరా.’ అక్కడితో ఆపేయండి. అతని మాట ఆమెకీ, ఆమె మాట అతనికీ మోసే పని మాత్రం పెట్టుకోవద్దు.

ప్రశ్న: అమ్మా, నాకు 31. పెళ్లయిన ఏడాదికి నేను ఒక్కడినే వెళ్లి టెస్ట్ చేయించుకుంటే వీర్యకణాల కౌంట్ తక్కువని వచ్చింది. మిల్లీలీటరుకి 90 లక్షలు. అంతకు నెల ముందే బాగా జ్వరం వచ్చి తగ్గింది. ఆ రిపోర్టు సంగతి నా భార్యకి చెప్పలేదు. ఒక ఫ్రెండ్‌కి చెప్పాను. ఇప్పుడు నా భార్యకి నాలుగో నెల. అందరూ సంతోషంగా ఉన్నారు. ఫ్రెండ్ మాత్రం ‘ఎందుకైనా మంచిది, పుట్టాక డీఎన్ఏ చేయించు’ అన్నాడు. ‘కార్తీక దీపం’ చూసి కార్తీక్‌ని తిట్టుకున్నవాణ్ణే. ఇప్పుడు నేనే అలా అయిపోయానేమోనని నిద్ర పట్టడం లేదు. తనతో ఏ తేడా కనపడలేదు. ఏం చేయమంటారు?
— పేరు రాయలేను

జవాబు: బాబూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఆ రిపోర్టు గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీరు నమ్మింది దాన్నే.

కౌంట్ తక్కువ అంటే లేదని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన హద్దు మిల్లీలీటరుకి కోటీ అరవై లక్షలు. ఆ హద్దు ఎలా గీశారో తెలుసుకుంటే మీ గుండె కొంచెం కుదుటపడుతుంది. ప్రయత్నం మొదలుపెట్టిన ఏడాదిలోపే తండ్రులవుతున్న మగవాళ్ల కౌంట్లు తీసుకుని, వాళ్లలో అందరికంటే తక్కువ ఉన్న వందకి ఐదుగురిని వదిలేసి గీసిన గీత అది. అంటే ఆ గీత కింద ఉన్న ఐదుగురూ తండ్రులే. మీ 90 లక్షలు గీత కింద ఉన్నాయంటే అవకాశం తగ్గిందని అర్థం, మూసుకుపోయిందని కాదు.

మరొకటి. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. గట్టిగా జ్వరం వస్తే ఆ తర్వాత కొన్ని వారాలపాటు కౌంట్ పడిపోతుంది. మీరు జ్వరం తగ్గిన నెలకే శాంపిల్ ఇచ్చారు. అందుకే డాక్టర్లు ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చరు, కొంత వ్యవధి ఇచ్చి రెండోసారి చేయిస్తారు. మీరు రెండోసారి వెళ్లలేదు. ఆ కాగితాన్ని మడిచి దాచుకుని, ఒక స్నేహితుడికి మాత్రం చెప్పారు. ఈ వారంలో ఒక యూరాలజిస్టు దగ్గరికి వెళ్లి, పాత రిపోర్టు చూపించి, మళ్లీ టెస్ట్ చేయించుకోండి.

ఇక మీ స్నేహితుడన్న డీఎన్ఏ. ఆ పరీక్షను నేను తక్కువ చేయను. మన దేశంలో దాన్ని కోర్టుల దాకా తెచ్చిన లాల్జీ సింగ్ గారు పనిచేసింది మన హైదరాబాదులోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలోనే. కానీ భర్తకి అనుమానం వచ్చిందని కోర్టులు ఆ పరీక్షకి ఊరికే ఒప్పుకోవు. చట్టబద్ధమైన పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డే అని 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 116వ సెక్షన్ కూడా అదే చెప్తోంది. ఆ సమయంలో భార్యాభర్తలు కలిసే వీలే లేదని రుజువు చేస్తే తప్ప అది మారదు. పిల్లల డీఎన్ఏ పరీక్షలకి మామూలుగా ఆదేశాలు ఇచ్చేయకూడదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. పెద్దవాళ్ల తగాదాలో బిడ్డ పావు కాకూడదన్నదే దాని ఉద్దేశం.

ఇంట్లో గుట్టుగా చేయిస్తే ఎవరికి తెలుస్తుందని మీకు అనిపించవచ్చు. తెలుస్తుంది బాబూ. ‘మీ బిడ్డే’ అని వచ్చినా, అడిగారన్న సంగతి ఆమెకి తెలిసిన రోజున ఆ కాగితం మీకు పనికిరాదు. పురిటి మంచం మీద ఉండగా తన మొగుడు శాంపిల్ పంపాడని తెలుసుకున్న ఒకావిడ నా ఎదురుగా కూర్చుని, ‘రిపోర్టు మంచిగానే వచ్చిందండీ, నేనే మంచిగా లేను’ అంది. ఆ పాప అప్పటికి బడికి వెళ్తోంది.

మీ ఇంట్లో ఒక విషయం దాచింది ఎవరు? మీరే. ఆమె దాచిందనడానికి మీ దగ్గర ఒక్క ఆధారమూ లేదు, ‘ఏ తేడా కనపడలేదు’ అని మీరే రాశారు. ఆ సిగ్గు నాకు అర్థమవుతుంది. మగవాళ్లకి ఆ రిపోర్టు చేతికొచ్చిన రోజు ఎలా ఉంటుందో చాలామంది నోట విన్నాను. కార్ పార్కింగ్‌లో గంటసేపు కూర్చుండిపోయానని ఒకతను చెప్పాడు. ఆ భారం మీరొక్కరే మోశారు, అదే ఇప్పుడు అనుమానమై మొలిచింది.

రిపోర్టు ఆమెకి చూపించండి. ‘పెళ్లయిన ఏడాదికి ఇది వచ్చింది, సిగ్గుపడి నీకు చెప్పలేదు, భయపడ్డాను’ అనండి. అవన్నీ నిజాలే. స్నేహితుడన్న మాటను మాత్రం ఈ పరిస్థితిలో ఆమె మీద వేయకండి. అది ఆమె మాట కాదు, మీ మాట కూడా కాదు. నిద్ర పట్టకపోవడం ఇలాగే ఉంటే ఒక సైకాలజిస్టుని కలవండి, ఆలస్యం చేయొద్దు. ఆ స్నేహితుడితో ఈ సంగతి ఇక ఎత్తకండి. అతను మంచికే అని ఉండొచ్చు, కానీ ఆ గదిలో మూడో కుర్చీ వద్దు.

ఐదో నెలలో పెద్ద స్కాన్ ఉంటుంది, రిపోర్టు చేతికొచ్చేసరికి ఒక పూట పడుతుంది. ఆ రోజు సెలవు పెట్టి ఆమెతో వెళ్లండి. తర్వాత నాకు రాయండి, అచ్చు వేయను.