బిల్లులో షాపు వాళ్ల పొరపాటు మనకు కలిసొస్తే ఆ డబ్బు ఎవరిది?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి కోసం గుంటూరులో ఒక పెద్ద నగల షాపులో 40 గ్రాముల హారం కొన్నాం. గ్రాము 9,000. తరుగు (నగ తయారీ పేరుతో బంగారం విలువ మీద అదనంగా వేసేది) 14 శాతం అన్నారు, బేరమాడితే 12కి దిగారు. ఎస్టిమేషన్ చీటీ మీద కూడా 12 అనే రాశారు. పాత గాజులు మార్చడం వల్ల లెక్క గజిబిజి అయ్యి అక్కడ బిల్లు సరిగ్గా చూసుకోలేదు. ఇంటికొచ్చి చూస్తే తరుగు 2 శాతమే వేశారు. మూడు వారాలైంది, షాపు నుంచి ఫోన్ రాలేదు. మిగిలిన డబ్బు ఫొటోగ్రాఫర్ అడ్వాన్సుకు పోయింది. మా ఆవిడ వెళ్లి చెప్పేద్దామంటోంది. ఆవిడ అదే షాపులో నెలకు 5,000 చొప్పున 11 నెలల స్కీమ్ కడుతోంది, ఇంకా నాలుగు నెలలు ఉంది. మా బావమరిది మాత్రం ‘తరుగు పేరుతో వాళ్లు జనాన్ని దోచుకోవడం లేదా, వదిలెయ్ బావా’ అంటున్నాడు. చట్టప్రకారం నేను కట్టాల్సిందేనా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు లెక్క తేల్చుకుందాం. బంగారం విలువ 3,60,000. దాని మీద 12 శాతం తరుగు 43,200. మీకు వేసింది 2 శాతం, అంటే 7,200. తేడా 36,000. దాని మీద 3 శాతం జీఎస్టీ 1,080 కలిపితే మొత్తం 37,080 రూపాయలు. పాత గాజుల సంగతి దీనికి సంబంధం లేదు, వాటి బరువు, రేటు సరిగ్గా వేశారో లేదో విడిగా చూసుకోండి. ఒక చోట తప్పు చేసిన బిల్లు ఇంకో చోట కూడా తప్పు చేసి ఉండొచ్చు, అది మీకు నష్టం వైపే ఉండొచ్చు. షాపుకు వెళ్లే ముందు బిల్లులో ప్రతి గీతా ఎస్టిమేషన్ చీటీతో పోల్చండి.

ఇక ఇది నిజంగా పొరపాటేనా? మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట స్కీమ్. చాలా షాపుల స్కీముల్లో గడువు పూర్తయ్యాక కొనే నగ మీద ఫలానా శాతం వరకు తరుగు మాఫీ అని ఉంటుంది. మీ ఆవిడ స్కీమ్ కార్డు వెనక నిబంధనలు చదవండి. అక్కడ ‘10 శాతం వరకు’ అని కనిపిస్తే, 12లో 10 పోయి 2 ఎందుకు మిగిలిందో అర్థమైపోతుంది. బిల్లింగ్‌లో ఫోన్ నంబరు కొట్టగానే స్కీమ్ ఖాతా కనబడి, గడువు ఇంకా పూర్తి కాలేదన్న సంగతి చూడకుండా మాఫీ వేసేసి ఉండొచ్చు. ఇది నా ఊహే. కానీ ఊహ నిజమైతే సమస్య నాలుగు నెలల తర్వాత మీ ఇంటికే వస్తుంది. మీ ఆవిడ 55,000 పూర్తిగా కట్టి నగ తీసుకోబోతే ‘మీ మాఫీ ఇదివరకే వాడేశారండీ’ అంటారు. అప్పుడు పాత బిల్లు తీస్తారు, దాంతో పాటు ఈ 37 వేల కథ కూడా బయటికొస్తుంది. అదీ పెళ్లి హడావుడి మధ్యలో, కౌంటరు దగ్గర పదిమంది ముందు.

అలా కాకుండా ఆ వారం షాపులో ఏదైనా ఆఫర్ నడిచి, దాని ప్రకారమే తగ్గించారనుకోండి. అప్పుడు అది మీ డబ్బే, ఎవరికీ బాకీ లేరు. అందుకే మొదటి అడుగు డబ్బు పట్టుకెళ్లడం కాదు, అడగడం.

చట్టం సంగతి. నేను లాయర్ని కాను, పెద్ద మొత్తాలైతే లాయర్నే అడగాలి. అయినా మీ విషయంలో చిక్కు పెద్దగా లేదు. 12 శాతానికి ఇద్దరూ ఒప్పుకున్నారు, చీటీ మీద రాత ఉంది. బిల్లు ఆ ఒప్పందాన్ని తప్పుగా ఎక్కించింది. ఒప్పుకున్న ధరలో మిగిలింది అడిగే హక్కు షాపుకు ఉంటుంది. పొరపాటున డబ్బో వస్తువో ముట్టితే తిరిగి ఇచ్చేయాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ కూడా చెబుతుంది, చిల్లర ఎక్కువ రావడం, ఒకటి కొంటే రెండు ఇంటికి రావడం లాంటివి దాని కిందికి వస్తాయి. ఇలాంటి డబ్బు కోసం దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు. పొరపాటు వల్ల పోయింది రాబట్టుకునే దావాల్లో ఆ మూడేళ్లు బిల్లు రోజు నుంచి కాక, పొరపాటు తెలిసిన రోజు నుంచి, లేదా కాస్త జాగ్రత్తగా చూస్తే తెలిసుండేదన్న రోజు నుంచి మొదలవుతాయి. కాబట్టి ‘కొన్నాళ్లు ఆగితే పాతబడిపోతుంది’ అన్న లెక్క అంత నమ్మదగింది కాదు. రెండు లక్షలు దాటిన కొనుగోలు కాబట్టి మీ పాన్ కూడా వాళ్ల దగ్గర ఉండి ఉంటుంది, ఫోన్ నంబరు సరేసరి.

పోలీసు కేసు దాకా వెళ్తుందా అని టెన్షన్ పడకండి. తక్కువ బిల్లు వేసినందుకు కొన్నవాళ్ల మీద కేసు పెట్టేంత దూరం వెళ్తారని నేననుకోను. తనది కాదని తెలిసీ ఖాతాలో పడ్డ డబ్బు వాడేసుకోవడం మాత్రం వేరే విషయం. 2023 నవంబరులో యూకో బ్యాంక్‌లో ఐఎంపీఎస్ (ఖాతా నుంచి ఖాతాకు వెంటనే డబ్బు పంపే విధానం) లోపం వల్ల 41 వేలకు పైగా ఖాతాల్లో దాదాపు 820 కోట్లు పడ్డాయి. చాలా భాగం బ్యాంకు వెనక్కి రాబట్టుకుంది, కొందరు ఆ డబ్బు తీసేసుకున్నారు, చివరికి సీబీఐ రంగంలోకి దిగింది. ఒకరి సొత్తును దురుద్దేశంతో సొంతానికి వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా జైలు ఉంది. మీకు దీని అవసరం రాదు. కానీ ఇలాంటి ప్రశ్నలతో రాసేవాళ్లలో బ్యాంకు ఖాతా కేసులే ఎక్కువ కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను.

ఇప్పుడు మీ బావమరిది వాదన. ఆయన మాటలో సగం నిజం ఉంది, ఆ సగాన్ని కొట్టిపారేయను. హారం మీద మీరు ఒప్పుకున్న 43,200 తరుగు రేపు మీరు ఆ నగ అమ్మినా మార్చినా తిరిగి రాదు. కొనేవాడు బరువు, స్వచ్ఛత చూస్తాడు, తరుగు ఎంత కట్టారని అడగడు. మెషిన్ మీద తయారైన నగకు కూడా చేతిపని నగకు వేసినట్టు తరుగు వేసే షాపులు ఉన్నాయి. ఒకే బరువు, దాదాపు ఒకే డిజైను, రెండు షాపుల మధ్య తరుగులో నాలుగైదు శాతం తేడా కనిపించడం మామూలే. ఆ తేడా 40 గ్రాముల మీద ఎంతో మీరే లెక్కేసుకోండి. ఆర్థిక సలహాదారుగా నా అభ్యంతరం అంతా ఇక్కడే: తెలుగు ఇళ్లలో పెళ్లి నగల మీద నష్టపోయే డబ్బులో పెద్ద భాగం ఈ ఒక్క గీత దగ్గరే పోతుంది, చాలామంది దాన్ని రేటు తర్వాత చూస్తారు.

కానీ దానితో పోరాడాల్సిన చోటు బిల్లుకు ముందు. మీరు పోరాడారు కూడా, 14ని 12 చేశారు. 40 గ్రాముల మీద ఆ రెండు శాతం 7,200, జీఎస్టీతో 7,416. అది మీ బేరంతో మీరు సంపాదించుకున్నది, దాన్ని ఎవరూ అడగరు. ఇంకా రెండు మూడు షాపుల్లో ఎస్టిమేషన్ చీటీలు తీసుకుని పక్కపక్కన పెట్టి ఉంటే 10కి కూడా దిగేవారేమో. ఆ పని వచ్చేసారి చేయండి. షాపు నిజంగా మోసం చేసిందని అనుమానం ఉంటే దానికీ దారులు ఉన్నాయి. నగ మీద హెచ్‌యూఐడీ అని, ఆ నగకు మాత్రమే ఇచ్చే ఆరు అక్షరాలు, అంకెల కోడ్ ఉంటుంది, 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ అమ్మాలంటే అది తప్పనిసరి. హాల్‌మార్కింగ్ చూసుకునే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ కోడ్ కొడితే స్వచ్ఛత, హాల్‌మార్క్ వేసిన కేంద్రం వివరాలు వస్తాయి. పరీక్షలో స్వచ్ఛత తక్కువని తేలితే ఆ లోటు విలువకు రెట్టింపు, పరీక్ష ఖర్చుతో సహా కొన్నవాళ్లకు ఇవ్వాలని బీఐఎస్ నిబంధనలు ఉన్నాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. షాపు తప్పు చేస్తే షాపును అడగండి, గట్టిగా అడగండి.

బావమరిది లెక్కలో ఇంకో చిక్కు ఉంది. మీరు కట్టని 37,080 యజమాని జేబులోంచే పోతుందని ఆయన అనుకుంటున్నాడు. కొన్ని షాపుల్లో నెలాఖరు లెక్కలో తేడా వస్తే బిల్లు కొట్టిన వాళ్ల పేరు మీదే రాస్తారు, జీతంలోంచి కోస్తారు. జిల్లా పట్టణాల్లో బిల్లింగ్ కౌంటరు జీతాలు మీకూ తెలుసు. రెండు నెలల జీతం అనుకోండి. మీ షాపులో అలా చేస్తారో లేదో నాకు తెలీదు, అందుకే దీన్ని నా ప్రధాన వాదనగా పెట్టడం లేదు.

నా ప్రధాన వాదన డబ్బు లెక్కే. ఈ 37,080ని మీరు ‘మిగిలిన డబ్బు’ అన్నారు, ఫొటోగ్రాఫర్‌కి ఇచ్చేశారు. పెళ్లి బడ్జెట్లో నేను ఎక్కువగా చూసే జారుడు ఇదే. అనుకోకుండా చేతికొచ్చింది అనుకున్న డబ్బు అనుకోని ఖర్చుకే పోతుంది. నిజానికి అది మీ దగ్గర ఉన్న వడ్డీ లేని అప్పు. ఎప్పుడు అడుగుతారో తెలియని అప్పు. పెళ్లి ఖర్చుల పుస్తకంలో ఈ రోజే ‘ఇవ్వాల్సినవి’ వైపు రాయండి. షాపు వదిలేస్తే ఆ పద్దు కొట్టేయొచ్చు. రాయకుండా ఉంటే మాత్రం, అడిగిన రోజున క్రెడిట్ కార్డు మీదో చేబదులు మీదో పడాల్సి వస్తుంది. ఈ డబ్బు కోసం పర్సనల్ లోన్ మాత్రం తీసుకోకండి.

ఎలా వెళ్లాలి? బిల్లు, ఎస్టిమేషన్ చీటీ, స్కీమ్ కార్డు మూడూ పట్టుకుని మీ ఆవిడతో కలిసి మధ్యాహ్నం పూట, రద్దీ లేనప్పుడు వెళ్లండి. కౌంటరు దగ్గర కాకుండా మేనేజర్‌తో మాట్లాడండి. ‘తరుగు 12కి ఒప్పుకున్నాం, బిల్లులో 2 పడింది, ఇది ఆఫరా, స్కీమ్ మాఫీయా, పొరపాటా చూసి చెప్పండి’ అంటే చాలు. క్షమాపణలు అక్కర్లేదు, తప్పు మీది కాదు. పొరపాటే అంటే ‘పెళ్లి ఖర్చుల్లో ఉన్నాం, మూడు నెలల్లో సర్దుతాం’ అని వాయిదాలు అడగండి. వాళ్లంతట వాళ్లు వచ్చి చెప్పిన కస్టమర్‌కు ఆ మాత్రం వెసులుబాటు ఇవ్వని షాపు నేనైతే చూడలేదు. కొందరు సగం తగ్గించవచ్చు కూడా. తగ్గిస్తే మొహమాటపడకుండా తీసుకోండి, ఎంత తగ్గించారో కాగితం మీదో వాట్సాప్‌లోనో రాయించుకోండి.

కట్టేటప్పుడు ఒక పట్టు వదలొద్దు. పాత బిల్లు మీద పెన్నుతో దిద్ది ఇస్తామంటే ఒప్పుకోకండి. బిల్లులో విలువ తక్కువ పడితే అమ్మినవాళ్లు డెబిట్ నోట్ (తక్కువ పడిన మొత్తానికి విడిగా ఇచ్చే కాగితం) ఇవ్వాలని జీఎస్టీ చట్టంలో ఉంది. దాన్ని అసలు బిల్లుకు పిన్ను కొట్టి దాచండి. దానివల్ల మీకూ లాభమే. ఎప్పుడైనా ఆ హారం రెండేళ్ల తర్వాత అమ్మి లాభం వస్తే ఇప్పుడున్న రూలు ప్రకారం 12.5 శాతం పన్ను, కొన్న ధరలో ఈ 37,080 కలిస్తే లాభం అంత తగ్గుతుంది, పన్ను దాదాపు 4,600 తగ్గుతుంది. అదే సమయంలో స్కీమ్ మాఫీ ఇంకా వాడలేదని, గడువు తీరాక పూర్తిగా వర్తిస్తుందని మీ ఆవిడ కార్డు మీద సంతకం చేయించుకోండి.

ఇలాంటి ఉత్తరాలే ఆన్‌లైన్ షాపింగ్ మీద కూడా వస్తుంటాయి. ఒకటి ఆర్డర్ చేస్తే రెండు వచ్చాయి, వస్తువు వెనక్కి ఇవ్వకుండానే రీఫండ్ పడింది, ఇలా. పద్ధతి ఇదే: యాప్‌లోని కస్టమర్ కేర్‌కు చాట్‌లో చెప్పండి, వెనక్కి తీసుకెళ్లే ఖర్చు వాళ్లదే అనండి. ‘ఉంచేసుకోండి’ అని వాళ్లు రాస్తే స్క్రీన్‌షాట్ తీసుకోండి, అది మీదే. కిరాణా కొట్టు వాడు యాభై ఎక్కువ చిల్లర ఇస్తే ఇంత తతంగం అక్కర్లేదు, మర్నాడు పాలకు వెళ్లినప్పుడు ఇచ్చేస్తే అయిపోయె.

ఒక్క చోట మాత్రం నిజాయితీ ఆలస్యంగా చూపించడమే మంచిది. ‘పొరపాటున మీ నంబరుకు 20,000 పంపాను, మా అమ్మ హాస్పిటల్లో ఉంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్‌పే చేయండి’ అని ఫోన్ వస్తే చేయకండి. మెసేజ్ దొంగది అయ్యుంటుంది, లేదా డబ్బు నిజంగానే వచ్చినా అది ఇంకెవరి ఖాతాలోంచో దోచింది అయ్యుంటుంది. మెసేజ్ చూసి కాదు, ఖాతా బ్యాలెన్స్ చూసి నమ్మండి. వచ్చిన మాట నిజమైతే మీ బ్యాంకుకు రాసివ్వండి, వెనక్కి పంపే పని బ్యాంకు చూసుకుంటుంది. మోసం అని తేలితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మీ నగల షాపుకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. 37,080 కట్టేది చెక్కుతోనో, షాపు పేరు మీదున్న ఖాతాకు నెఫ్ట్‌తోనో కట్టండి. ‘సార్, నా నంబరుకు వేసేయండి, నేను సర్దుతాను’ అని కౌంటరులో ఎవరైనా అంటే, ఎంత మంచివాళ్లలా కనిపించినా, వద్దనండి.