పాత ట్రక్కుకు వేరే ఇంజన్ వేయించాక గేర్‌బాక్స్ పాడైతే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: నేను అమెరికాలో ఉంటున్నాను. నా 1978 ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కుకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంది. అందులోని 302 (క్యూబిక్ అంగుళాల) ఇంజన్ పాడవడంతో, ఇంజన్లను బాగుచేసి అమ్మే ఒక వ్యాపారి దగ్గర 1990 నాటి 302 ఇంజన్ కొన్నాను. ట్రక్కు సంవత్సరం, గేర్‌బాక్స్ రకం ఈమెయిల్‌లో రాసి అడిగితే, నా పాత ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే పలుచని ప్లేటు) నేరుగా సరిపోతుందని బదులిచ్చాడు. వేరే మెకానిక్ దాన్నే బిగించాడు. మొదటి రోజు నుంచీ అదురు ఉంది. కొన్ని వారాలు నడిపాక ఫ్లెక్స్‌ప్లేట్ పగిలి, గేర్‌బాక్స్‌లో నూనెను తోసే ముందరి పంపు దెబ్బతింది. బిల్లు మీద 'యాజ్ ఈజ్' (ఉన్నది ఉన్నట్టుగా, హామీ లేకుండా) అని ఉందని వ్యాపారి, ఇచ్చిన సామానే బిగించానని మెకానిక్ తప్పించుకుంటున్నారు. నాకు పరిహారం వస్తుందా?

జవాబు: మీ దగ్గర ఆ ఈమెయిల్ భద్రంగా ఉన్నట్లయితే వ్యాపారి మీద మీకు బలమైన కేసే ఉన్నది. అయితే అదురు తెలిసిన తరువాత కూడా వారాల తరబడి బండి నడపడం వల్ల పరిహారంలో కొంత భాగాన్ని మీరు వదులుకోవలసి రావచ్చు.

ముందుగా సాంకేతిక విషయం చెప్పాలి, ఎందుకంటే ఈ వివాదమంతా దాని మీదే నిలుస్తుంది. మాన్యువల్ గేర్‌బాక్స్‌కు బరువైన ఫ్లైవీల్ ఉన్న చోట ఆటోమేటిక్‌కు పలుచని ఫ్లెక్స్‌ప్లేట్ ఉండి, టార్క్ కన్వర్టర్‌ను (ఇంజన్ శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) క్రాంక్‌షాఫ్ట్‌తో (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) కలుపుతుంది. ఫోర్డ్ 302 ఇంజన్ అదరకుండా తిరగడానికి కావలసిన తూకంలో (బ్యాలెన్స్‌లో) కొంత భాగం ముందున్న డ్యాంపర్‌లోనూ (అదురును తగ్గించే చక్రం) వెనకనున్న ఈ ప్లేట్‌లోనూ ఉంటుంది. 1970ల నాటి ఇంజన్లకు ఆ తూకం 28 ఔన్స్-అంగుళాలు కాగా, 1980ల ఆరంభంలో కంపెనీ దానిని 50 ఔన్స్-అంగుళాలకు మార్చింది. బోల్టు రంధ్రాలు మాత్రం మారలేదు. అందువల్ల పాత ప్లేటు కొత్త ఇంజన్‌కు చక్కగా బిగుస్తుంది, తూకం మాత్రం కుదరక అదురు పుడుతుంది. షెవర్లే చిన్న వీ8లో ఇలా జరగడం కష్టం: 1985 వరకు వచ్చిన క్రాంక్‌ల బోల్టు వలయం 3.58 అంగుళాలు, నూనె కారకుండా ఆపే వెనక సీలు ఒకే ముక్కగా మారిన తరువాతి క్రాంక్‌లది 3 అంగుళాలు కనుక పొరపాటు బిగించేటప్పుడే బయటపడుతుంది. మీ విషయంలో లోపం కంటికి కనబడేది కాదు. కొనేముందు పరిశీలించి ఉంటే తెలిసేదన్న వాదన, ఈ కారణం వల్లనే, వ్యాపారికి అంతగా పనికిరాదు.

లూసియానా తప్ప మిగిలిన రాష్ట్రాలన్నీ సరుకుల అమ్మకానికి యూనిఫామ్ కమర్షియల్ కోడ్ (వ్యాపార లావాదేవీల నమూనా చట్టం) రెండవ అధ్యాయాన్ని స్వీకరించాయి. అందులోని 2-315 సెక్షన్ ప్రకారం, కొనేవారి ప్రత్యేక అవసరం ఏమిటో, వారు తన నైపుణ్యం మీదే ఆధారపడుతున్నారో అమ్మేవారికి తెలిసి ఉంటే, సరుకు ఆ అవసరానికి తగినదనే హామీ చట్టరీత్యా ఏర్పడుతుంది. మీరు ట్రక్కు సంవత్సరాన్నీ గేర్‌బాక్స్ రకాన్నీ రాసి మరీ అడిగారు. 'యాజ్ ఈజ్' అన్న మాట ఇటువంటి అంతర్గత హామీలను సాధారణంగా రద్దు చేస్తుందన్నది నిజమే. కానీ ప్లేటు నేరుగా సరిపోతుందని ఆయన రాసిచ్చిన మాట 2-313 సెక్షన్ కింద స్పష్టమైన హామీ అవుతుంది, బిల్లు అడుగున ముద్రించిన ఒక్క మాటతో అది చెరిగిపోదు. ఇదే బిల్లులో లిఖితపూర్వక వారంటీ కూడా ఇచ్చి ఉంటే, 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం వినియోగదారుకు అంతర్గత హామీలను పూర్తిగా నిరాకరించే వీలే వ్యాపారికి లేదు. మసాచుసెట్స్ వంటి కొన్ని రాష్ట్రాలలో వినియోగదారులకు 'యాజ్ ఈజ్' అమ్మకమే చెల్లదు. మీ రాష్ట్రం ఏదో రాయలేదు కనుక ఈ విషయం విడిగా చూసుకోవాలి. ఇక ఒప్పందం మొత్తం ఈ బిల్లులోనే ఉన్నదని చెప్పే షరతు ఏదైనా అందులో ఉన్నదేమో జాగ్రత్తగా చదవండి. అది ఉంటే, బయటి ఈమెయిల్‌ను సాక్ష్యంగా తీసుకోరాదని వ్యాపారి న్యాయవాది తప్పక వాదిస్తాడు.

మెకానిక్ సంగతి వేరు. ఆయన అమ్మింది పని, సరుకు కాదు. కాబట్టి ఆ వృత్తిలో ఉన్నవారు మామూలుగా చూపవలసిన జాగ్రత్త చూపాడా లేదా అన్నదే ప్రశ్న. 302లో రెండు రకాల తూకాలున్నాయన్నది ఫోర్డ్ ఇంజన్ల పని తెలిసినవారికి కొత్త విషయం కాదు. అయినా భాగాలను మీరే తెచ్చి ఇచ్చారు కనుక, ఆయన వాటా వ్యాపారి వాటాకన్నా తక్కువగానే తేలవచ్చునని నా అభిప్రాయం. ఇద్దరినీ ఒకే దావాలో చేర్చండి, లేకపోతే ప్రతివాడూ కోర్టులో లేని రెండోవాడి మీదకు నెడతాడు.

పంపు నష్టం 2-715 సెక్షన్ కింద పర్యవసాన నష్టం (అసలు లోపం ఫలితంగా కలిగిన నష్టం) అవుతుంది. తగిన జాగ్రత్తతో నివారించగలిగిన నష్టం అందులోకి రాదని ఆ సెక్షనే చెబుతున్నది. అదురు మొదలైన రోజే బండి ఆపి ఉంటే ప్లేటు మార్చడంతో సరిపోయేదని ప్రతివాదులు అంటారు. మీరు ఆ రోజుల్లో మెకానిక్‌ను అడిగి ఉండి, కొత్త ఇంజన్ కుదురుకునే దాకా ఇలాగే ఉంటుందని ఆయన చెప్పి ఉంటే, ఆ సంభాషణకు ఏ చిన్న ఆధారమున్నా ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

లోపం తెలిసిన తరువాత సమంజసమైన వ్యవధిలో వ్యాపారికి తెలియజేయకపోతే 2-607 ప్రకారం ఏ పరిహారమూ దక్కదు. అందువల్ల ఈ వారంలోనే లిఖితపూర్వకంగా నోటీసు పంపండి. పగిలిన ప్లేటును, ముందరి డ్యాంపర్‌ను, పంపును పారవేయవద్దు, పాత సామాను కింద ఎవరికీ ఇవ్వవద్దు. సంబంధం లేని మరొక వర్క్‌షాపు చేత ప్లేటు, డ్యాంపర్‌ల తూకం ఎంతో, కన్వర్టర్ పంపులో సరిగా కూర్చున్నదో లేదో రాతపూర్వకంగా నివేదిక తీసుకోండి. కన్వర్టర్ పూర్తిగా కూర్చోకుండా బోల్టులు బిగించినా పంపు దెబ్బతింటుంది, అప్పుడు తప్పు వ్యాపారి నుంచి మెకానిక్ మీదకు మళ్లుతుంది. దావా గడువు 2-725 ప్రకారం నాలుగేళ్లు, అది లోపం బయటపడిన రోజు నుంచి కాక సాధారణంగా ఇంజన్ అప్పగించిన రోజు నుంచి లెక్కకు వస్తుంది. కోరే మొత్తం తక్కువైతే చిన్న దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు చాలు. వ్యక్తులకు దాని పరిమితి కాలిఫోర్నియాలో 12,500 డాలర్లు, టెక్సాస్‌లో 20,000 డాలర్లు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఇంజన్ మార్పిడికి కాలుష్య నియమాలు వర్తిస్తాయి. కాలిఫోర్నియాలో పాత పెట్రోలు బండ్లలో 1975, అంతకు ముందరి వాటికి మాత్రమే పొగ పరీక్ష నుంచి మినహాయింపు ఉన్నది. మీరు అక్కడ ఉన్నట్లయితే 1978 ట్రక్కుకు 1990 ఇంజన్‌తో పాటు దానికి చెందిన కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ అమర్చి, రెఫరీ కేంద్రంలో (ఇటువంటి మార్పులను తనిఖీ చేసే అధికారిక కేంద్రం) ఆమోదం పొందాలి. ఆ పని మిగిలి ఉంటే దావాకు ముందే పూర్తిచేయించుకోండి.