లూపస్ రోగి మెదడులో తెల్ల మచ్చలు... కంప్యూటర్ విశ్లేషణతో తేలుతుందా?

ప్రశ్న: నా భార్య వయసు 34. నాలుగేళ్లుగా లూపస్‌కు (శరీర రక్షణ వ్యవస్థ సొంత అవయవాలపైనే దాడి చేసే జబ్బు) మందులు వాడుతోంది. కొన్ని నెలలుగా మతిమరుపు, తలనొప్పి. ఎమ్మారై తీయిస్తే మెదడులో చిన్న తెల్ల మచ్చలున్నాయని రిపోర్టులో రాశారు. న్యూరల్ నెట్‌వర్కులతో (ఉదాహరణలు చూసి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాములు) మెదడు చిత్రాలను విశ్లేషించి ఇలాంటి జబ్బుల ప్రభావాన్ని కనిపెడుతున్నారని చదివాను. హైదరాబాద్‌లో ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు? ముఖం ఉబ్బుతోందని రెండు వారాల క్రితం స్టెరాయిడ్ మాత్రలు మానేసింది. కీళ్ల నొప్పులకు మెడికల్ షాపులో మాత్రలు కొని వేసుకుంటోంది.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మచ్చల సంగతి తర్వాత. మీరు చివర్లో రాసిన రెండు వాక్యాలే నన్ను కంగారు పెడుతున్నాయి. ఏళ్ల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపకూడదు. మందు బయటి నుంచి అందుతున్నంత కాలం మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు తమ సొంత స్టెరాయిడ్ ఉత్పత్తి తగ్గించుకుంటాయి, ఆపిన మర్నాడే అవి తేరుకోవు. నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం కూడా రావచ్చు. అణిగి ఉన్న లూపస్ తిరగబెట్టే ప్రమాదం వేరు. ఓపీలో తరచూ చూస్తాం: పెళ్లిలో ఎవరో ‘లావయ్యావే’ అంటారు, మర్నాటి నుంచి మాత్రలు ఆగిపోతాయి. ముఖం ఉబ్బడం బాధాకరమే, కాదనను. డాక్టరుతో చెబితే మోతాదు మెల్లగా తగ్గించే దారి ఉంటుంది. ఇంతకాలం మీరూ చూస్తూ ఊరుకున్నారా?

ఈ రోజే ఆమె రుమటాలజిస్టుతో (లూపస్, కీళ్ల జబ్బులు చూసే డాక్టరు) మాట్లాడండి. ఎంత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలో మీరు నిర్ణయించవద్దు. వాంతులు, అయోమయం, మూర్ఛ, మాట తడబడటం, చేయి లేదా కాలు పట్టు తప్పడం కనిపిస్తే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

షాపు మాత్రల పేరు మీరు రాయలేదు. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ రకమైతే లూపస్ రోగి మూత్రపిండాలకు మంచివి కావు. ఇబుప్రోఫెన్ వల్ల లూపస్ ఉన్నవారిలో అరుదుగా మెదడు పొరలు వాచి తలనొప్పి, జ్వరం వస్తాయి. ఆమె తలనొప్పికి అదే కారణమని ఉత్తరం చూసి చెప్పలేను కానీ, ఆ మాత్రల అట్ట డాక్టరుకు చూపించండి.

ఇక మీరు అడిగింది. నిపుణులు మచ్చల అంచులు గీసి ఇచ్చిన ఎమ్మారై చిత్రాలతో ఈ నెట్‌వర్కులకు శిక్షణ ఇస్తారు. 2015లో వచ్చిన యూ-నెట్ అనే నెట్‌వర్కు ఇలాంటి పనికి బాగా పేరు పొందింది. మచ్చల పరిమాణం కొలవడం, పాత స్కానింగ్‌తో పోల్చి కొత్తవి పట్టుకోవడం వాటికి వచ్చు. మెదడు, వెన్నుపాములో నరాల పై పొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఇది ఉపయోగపడుతోంది. లూపస్‌లో చిక్కు ఎక్కువ. తెల్ల మచ్చలు మైగ్రేన్, బీపీ వల్ల కూడా వస్తాయి. మతిమరుపు ఉన్నా స్కానింగ్ మామూలుగా ఉండే రోగులున్నారు. పైగా స్టెరాయిడ్లు కూడా నిద్రను, మూడ్‌ను, జ్ఞాపకశక్తిని దెబ్బతీయగలవు. ఒక యంత్రం చిత్రాలతో నేర్చిన నెట్‌వర్కు మరో యంత్రం చిత్రాల దగ్గర తడబడవచ్చు. కాబట్టి లూపస్‌లో ఇది ప్రధానంగా పరిశోధన దశలోని పని, దీని కోసం ల్యాబుల చుట్టూ తిరగవద్దు.

మచ్చలకు కారణం వెతకడానికి ముందు బీపీ, మూత్రంలో ప్రొటీన్, లూపస్ ఎంత చురుగ్గా ఉందో చెప్పే సీ3, సీ4, యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ రక్తపరీక్షలు, రక్తం గడ్డకట్టే స్వభావాన్ని చెప్పే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు చూడాలి. థైరాయిడ్, బీ12 కూడా. డిప్రెషన్ గురించీ అడగాలి. పాత ఎమ్మారై ఉంటే రెండు సీడీలూ రేడియాలజిస్టుకే ఇచ్చి పోల్చమనండి. స్థిరమైన డాక్టరు లేకపోతే నిమ్స్‌లో రుమటాలజీ, న్యూరాలజీ విభాగాలు రెండూ ఉన్నాయి. ఆమె గర్భవతి అయ్యే అవకాశం ఉంటే, మళ్లీ స్కానింగ్‌కు కాంట్రాస్ట్ (చిత్రం స్పష్టంగా రావడానికి ఇచ్చే మందు) ఎక్కించే ముందే ఆ మాట చెప్పండి.